తిండి నడిచిన దారి – 7: కోర్టుకెక్కిన కుకీ

1983లో అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక బిస్కెట్టు కోర్టుకెక్కింది. దాన్ని మొట్టమొదట చేసింది మా ఊరివాడేనని శాన్‌ఫ్రాన్సిస్కో పట్టు. కాదు మావాడేనని, ఆరు వందల కిలోమీటర్ల దిగువనున్న లాస్ ఏంజెలెస్ వాదన. విచారించింది కోర్ట్ ఆఫ్ హిస్టారికల్ రివ్యూ. పేరు వింటే బెదురు పుడుతుంది గానీ అది సరదాకు పెట్టుకున్న కోర్టు. దాని తీర్పుకు చట్టబలం లేదు. జడ్జి డేనియల్ హాన్లన్ మాత్రం నిజం జడ్జే. సాక్ష్యాల్లో ఒక ఫార్చ్యూన్ కుకీ కూడా ఉంది. దాని లోపలి చీటీ మీద, లాస్ ఏంజెలెస్ పక్షాన తీర్పిచ్చే శాన్‌ఫ్రాన్సిస్కో జడ్జి తెలివితక్కువవాడనే అర్థం వచ్చే మాట అచ్చయి ఉంది. ఇంకో సాక్ష్యం, గుండ్రటి నల్లటి ఇనప పెనాలు. తీర్పు శాన్‌ఫ్రాన్సిస్కోకే వచ్చింది. సొంత ఊరి కోర్టు మరి! లాస్ ఏంజెలెస్ వాళ్ళు ఆ తీర్పును లెక్కచెయ్యలేదు.

ఆ చీటీ సంగతి చాలామంది రాశారు. నాకు మాత్రం ఆ పెనాల మీదే కన్ను. వాటి దగ్గరికి వెళ్ళేముందు అసలు వస్తువేమిటో చూద్దాం.

అమెరికాలో పిల్లలున్న తెలుగిళ్ళకు ఫార్చ్యూన్ కుకీ కొత్త కాదు. చైనా రెస్టారెంటులో భోజనం ముగిశాక, బిల్లుతోపాటు చిన్న ట్రేలో తిన్నవాళ్ళెందరో అన్ని కుకీలు వస్తాయి. విరిస్తే లోపల డొల్ల, అందులో సన్నటి కాగితం చీటీ. దాని మీద ఒక మంచిమాటో, జోస్యమో ఉంటుంది. చాలావాటిలో ఆరు లాటరీ అంకెలు కూడా ఉంటాయి. కుకీ తిన్నా తినకపోయినా చీటీ మాత్రం అందరూ చదువుతారు, పక్కవాళ్ళకు వినిపిస్తారు కూడా. రుచి గురించి చెప్పుకోవలసిందేమీ లేదు. చీటీ లేకుండా ఇదే బిస్కెట్టును అమ్మకానికి పెడితే కొనేవాడుండడని నా అనుమానం.

చేసే పద్ధతి మాత్రం చూడముచ్చటైనది. మైదా, పంచదార, గుడ్డు తెల్లసొన, కాస్త నూనో వెన్నో, వెనిలా. వీటన్నిటినీ జారుగా కలిపి కాలుతున్న పెనం మీద గుండ్రంగా, పలచగా పోస్తారు. పెనం నుంచి తీసీతియ్యగానే అది మెత్తగా, చెప్పినట్టు వంగుతుంది. ఆ వేడి మీదే నడుమ చీటీ పెట్టి సగానికి మడవాలి. మడతను ఇనప కడ్డీకి ఆనించి రెండు కొసలనూ కిందికి వంచాలి. ఇదంతా కొద్ది సెకన్ల పని. ఆలస్యమైతే పంచదార బిగుసుకుని పెళుసెక్కుతుంది, వంచబోతే ముక్కలైపోతుంది. అందుకే ఈ పనిలో ఉన్నవాళ్ళు వేడికి వెరవకూడదు. శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్‌లోని రాస్ ఆలీ అనే సందులో 1962లో మొదలైన గోల్డెన్ గేట్ ఫార్చ్యూన్ కుకీ ఫ్యాక్టరీలో ఈ మడత పని ఇప్పటికీ చేత్తోనే చేస్తారు.

ఇక కోర్టు వాదనలకొద్దాం. లాస్ ఏంజెలెస్ తరఫున వచ్చిన పేరు డేవిడ్ జంగ్. చైనా నుంచి వలస వచ్చి హాంకాంగ్ నూడిల్ కంపెనీ పెట్టినవాడు. 1918 ప్రాంతంలో ఊళ్ళో పనిలేక తిరుగుతున్న పేదలను చూసి, వాళ్ళకు ధైర్యం చెప్పే బైబిల్ వాక్యాలు పెట్టి ఈ బిస్కెట్లు పంచాడని కథ. శాన్‌ఫ్రాన్సిస్కో తరఫున వచ్చిన పేరు మకోతో హగివారా. 1894లో జరిగిన పెద్ద ప్రదర్శన కోసం గోల్డెన్ గేట్ పార్కులో వేసిన జపనీస్ టీ గార్డెన్‌ను ఏళ్ళ తరబడి సాకినవాడు. తోటకు వచ్చినవాళ్ళకు టీతోపాటు చీటీ ఉన్న బిస్కెట్లు ఇచ్చేవాడు. కోర్టుకు తెచ్చిన పెనాలు ఆయన తయారీవేనని చెప్పారు. గిరాకీ పెరిగాక బిస్కెట్లు చేసే పనిని ఊళ్ళోని బెంక్యోదో అనే మిఠాయి దుకాణానికి అప్పగించాడు. 1906లో సుయెయిచి ఒకమురా పెట్టిన దుకాణమది. అమెరికన్ల నోటికి నచ్చే వెనిలా రుచి తెచ్చింది తామేనని ఆ దుకాణం వాళ్ళు చెప్పుకునేవారు. లాస్ ఏంజెలెస్‌లో మరో హక్కుదారు కూడా ఉన్నాడు. లిటిల్ టోక్యోలో 1903లో ఫుగెత్సుదో మిఠాయి కొట్టు తెరిచిన సెయిచి కితో.

ఈ పేర్లను వరసగా చదవండి. హగివారా, ఒకమురా, కితో. చైనా హోటల్లో పెట్టే కుకీకి హక్కుదారులుగా నిలబడ్డవాళ్ళలో ఒక్క జంగ్ తప్ప అందరూ జపాన్ వాళ్ళే. 1983లో రెండు ఊళ్ళూ అమెరికా మ్యాపు ముందేసుకుని కొట్టుకుంటున్నాయి గానీ, ఆ మ్యాపులో జపాన్ లేదు.

చైనా వైపు నుంచి ఒక పాత కథ వినిపిస్తుంది. 14వ శతాబ్దంలో మంగోల్ పాలన మీద తిరుగుబాటు చేసినవాళ్ళు మూన్ కేకుల్లో రహస్య సందేశాలు దాచి పంచుకున్నారని. కథ బాగుంది. దానికీ ఈ కుకీకీ నడుమ ఐదారు వందల ఏళ్ళ ఖాళీ ఉంది, ఆ ఖాళీని పూడ్చే ఆధారం ఒక్కటీ లేదు. వదిలేద్దాం.

ముడి విప్పింది జపాన్‌లోని కనగవా విశ్వవిద్యాలయానికి చెందిన జానపద పరిశోధకురాలు యసుకో నకమాచి. 1980ల్లో న్యూయార్క్‌లోని ఒక చైనా రెస్టారెంటులో ఆవిడ మొదటిసారి ఫార్చ్యూన్ కుకీని చూశారు. 1990ల చివర్లో క్యోటో శివార్లలోని ఫుషిమి ఇనారి గుడికి వెళ్ళారు. వేల ఎర్రటి తోరణాల వరసలతో, నక్క విగ్రహాలతో పేరుపడ్డ షింతో క్షేత్రమది. ఆ గుడి దగ్గర సోహొంకె హోగ్యొకుదో అనే పాతకాలపు దుకాణంలో ఒకతను పొడుగు పిడులున్న ఇనప పెనాలను మంట మీద తిప్పుతూ బిస్కెట్లు కాలుస్తున్నాడు. పెనంలోంచి తీసి, చీటీ పెట్టి, మడిచి, వంచుతున్నాడు. అదే ఆకారం!

వాటిని అక్కడ త్సుజిఉర సెంబెయ్ అంటారు. అమెరికా కుకీకి అన్నలనదగ్గవి: పరిమాణం పెద్దది, రంగు ముదురు. వెన్న, వెనిలా ఉండవు. వాటి బదులు నువ్వులు, మిసో అనే పులియబెట్టిన సోయా ముద్ద పడతాయి. చీటీ డొల్ల లోపల కాదు, బయటి వంపు సందులో ఇరికించి ఉంటుంది. సెంబెయ్ అంటే కాల్చిన పెళుసు బిస్కెట్టు. త్సుజిఉర అంటే నాలుగు దారుల కూడలిలో నిలబడి, దారినపోయేవాళ్ళ నోట మొదట విన్న మాటను శకునంగా తీసుకోవడం. ఆ శకునాన్నే చీటీ మీద అచ్చువేసి తినే వస్తువుకు తగిలించారన్నమాట.

జపాన్ వాళ్ళకు చీటీ జోస్యం పిచ్చి పాతదే. గుళ్ళలో కాసు వేసి ఒమికుజి అనే చీటీ తీసుకోవడం ఇప్పటికీ మామూలే. చీటీలో కీడు వస్తే దాన్ని అక్కడే కట్టేసి ఇంటికి తీసుకెళ్ళకుండా వచ్చేస్తారు. ఇంకో ముచ్చట. యమగరా అనే పిట్టకు తర్ఫీదు ఇచ్చి, బుల్లి గుడి తలుపు తీసి లోపలినుంచి చీటీ తెచ్చేలా ఆడించేవాళ్ళు అక్కడ ఉండేవారు. మన చిలక జోస్యం చెప్పేవాళ్ళు చూస్తే తమ కులవృత్తి అక్కడికెప్పుడు పోయిందా అనుకునేవారు. 20వ శతాబ్దం చివరికి ఆ ఆట కనుమరుగైంది.

దుకాణం చూసి వచ్చినంత మాత్రాన చరిత్ర రుజువు కాదు కదా. ఆ బిస్కెట్లు అమెరికా నుంచే జపాన్‌కు తిరిగొచ్చి ఉండొచ్చని ఎవరైనా అనొచ్చు. అందుకే నకమాచి ఆరేళ్ళకు పైగా పాత పుస్తకాలు, బొమ్మలు వెతికారు. 1878 నాటి ఒక కథల పుస్తకంలో బొమ్మ దొరికింది. సెంబెయ్ దుకాణంలో పని నేర్చుకుంటున్న కిన్నొసుకె అనే కుర్రాడు మంట మీద ఒకేసారి చాలా ఇనప పెనాలు పెట్టుకుని కాలుస్తున్నాడు. త్సుజిఉర సెంబెయ్ అని అక్కడ రాసే ఉంది. హగివారా తోట ప్రదర్శన 1894లో. జంగ్ కథ 1918లో. కిన్నొసుకె బొమ్మ ఈ రెంటికీ ముందుది. అంతకన్నా పాత ప్రస్తావన కూడా ఉంది. 1840ల్లో కన్నుమూసిన రచయిత తమెనగ షున్సుయి కథలో ఒకామె మరో ఇద్దరు ఆడవాళ్ళను మంచి చేసుకోవడానికి ఈ జోస్యం సెంబెయ్ ఇస్తుంది. 2008 జనవరిలో న్యూయార్క్ టైమ్స్‌లో ఈ పరిశోధన మీద జెన్నిఫర్ 8. లీ (ఆ అంకె ఆమె పేరులో భాగమే) రాసిన వ్యాసంతో సంగతి లోకానికి తెలిసింది.

అలా చూస్తే 1983 నాటి కోర్టులో నిజం చెప్పిన సాక్షి ఆ పెనాలే. క్యోటోలో వాడుతున్న పెనాలూ అవే తరహావి.

మరి జపాన్ బిస్కెట్టు చైనా హోటల్లోకి ఎలా దూరింది? 1882లో అమెరికా ప్రభుత్వం చైనా కూలీలు దేశంలోకి రాకుండా చట్టం చేసింది. కాలిఫోర్నియా పొలాలకూ రైలు మార్గాలకూ కూలీల కొరత వచ్చింది. ఆ తావులోకి జపాన్ వాళ్ళు వచ్చారు. వాళ్ళలో కొందరు ఊళ్ళలో మిఠాయి కొట్లు పెట్టారు, ఇంకొందరు హోటళ్ళు పెట్టారు. హోటలంటే జపాన్ వంటల హోటలు కాదు. పచ్చి చేప ముక్కలు ఆనాటి అమెరికన్లు ముట్టరు. చాప్ సూయీ అనే చైనా పేరున్న వంటకమంటే మాత్రం ఎగబడతారు. కాబట్టి జపాన్ వాళ్ళే చైనా హోటళ్ళు నడిపారు. ఆ హోటళ్ళకు కావలసిన బిస్కెట్లు సొంత మనుషుల కొట్లలో ఉండనే ఉన్నాయి. పైగా అమెరికన్లకు భోజనం చివర ఏదో ఒక తీపి పడాలి, చైనా భోజనంలో ఆ ఆచారం లేదు. ఆ లోటును ఈ చవక బిస్కెట్టు తీర్చింది. చైనా యజమానుల హోటళ్ళు కూడా జపాన్ కొట్ల నుంచే తెప్పించుకున్నాయి. అప్పటికి దాని పేరు ఫార్చ్యూన్ టీ కేక్. 1930ల దాకా ఇదే పద్ధతి.

1941 డిసెంబరు 7న జపాన్ పెర్ల్ హార్బర్ మీద దాడి చేసింది. 1942 ఫిబ్రవరి 19న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ 9066 నంబరు ఉత్తర్వు మీద సంతకం పెట్టాడు. దాని ఆసరాతో సైన్యం పడమటి తీరంలోని జపాన్ సంతతివాళ్ళను దాదాపు 1,20,000 మందిని ఇళ్ళలోంచి లేపి, లోపలి ఎడారుల్లో, బీళ్ళలో కట్టిన పది శిబిరాలకు తరలించింది. వాళ్ళలో మూడింట రెండొంతులు అమెరికాలో పుట్టిన పౌరులే. చేతుల్తో మోయగలిగినంత సామానే తెచ్చుకోవాలి. కొట్లు, పడవలు, పొలాలు వచ్చిన ధరకు తెగనమ్మారు. కొందరు తాళం వేసి వెళ్ళిపోయారు. ముళ్ళకంచె, కాపలా బురుజులు, వాటి మీద తుపాకులు. ఒక్కరి మీదా నేరారోపణ లేదు, విచారణ లేదు.

హగివారా 1925లోనే పోయాడు. ఆయన కుటుంబం టీ గార్డెన్‌లోనే కాపురముండి దాన్ని చూసుకుంటోంది. వాళ్ళను వెళ్ళగొట్టారు, ఇల్లు పడగొట్టారు, తోటకు ఓరియెంటల్ టీ గార్డెన్ అని పేరు మార్చారు. పాత పేరు మళ్ళీ 1952లో గానీ రాలేదు. ఫుగెత్సుదో కుటుంబాన్ని వయోమింగ్‌లోని హార్ట్ మౌంటెన్ శిబిరానికి పంపారు. సాటి ఖైదీలు తమ వాటా పంచదార తెచ్చిస్తే దానితో అక్కడ మిఠాయి చేసేవారని ఆ కుటుంబం చెబుతుంది.

పడమటి తీరంలో జపాన్ మిఠాయి కొట్లన్నీ ఒక్క దెబ్బతో మూతపడ్డాయి. కుకీ తినేవాళ్ళు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఆ పని చైనా వాళ్ళ చేతుల్లోకి వెళ్ళింది. వాళ్ళు దోచుకున్నారని నేననను. అరవై ఏళ్ళుగా బహిష్కార చట్టం కింద నలిగినవాళ్ళు వాళ్ళు. యుద్ధంలో చైనా మిత్రదేశం కావడంతో 1943లో అమెరికా ఆ చట్టాన్ని రద్దు చేసింది. పెర్ల్ హార్బర్ దాడి జరిగిన నెలలోనే లైఫ్ పత్రిక, చైనావాణ్ణీ జపాన్‌వాణ్ణీ ముఖం చూసి ఎలా గుర్తుపట్టాలో ఫొటోలతో పాఠం అచ్చువేసింది. ఒకరు మంచివాళ్ళవడానికి ఇంకొకరు చెడ్డవాళ్ళు కావాలి కాబోలు.

పసిఫిక్ యుద్ధరంగం నుంచి తిరిగొచ్చే సైనికులు కాలిఫోర్నియాలో దిగేవారు. శాన్‌ఫ్రాన్సిస్కో చైనా హోటళ్ళలో తిని, ఈ చీటీ బిస్కెట్టు చూసి సరదాపడ్డారు. తమ ఊళ్ళకు పోయాక అక్కడి చైనా హోటల్లో అవేవీ అని అడిగారు. అవి చైనా ఆచారమనే వాళ్ళ నమ్మకం. అడిగింది పెట్టడమే హోటలువాడి ధర్మం. 1950ల చివరికి ఏటా దాదాపు 25 కోట్ల కుకీలు తయారవుతున్నాయని అంచనా. చేతిమడతతో ఇంత గిరాకీ తీరదు. శాన్‌ఫ్రాన్సిస్కోలో లోటస్ ఫార్చ్యూన్ కంపెనీ పెట్టిన ఎడ్వర్డ్ లూయీ కుకీని మడిచే యంత్రం తయారుచేశాడు. 1960 నాటికి అధ్యక్ష ఎన్నికల ప్రచారంలో కూడా ఈ చీటీలు వాడారు. 1966లో బిల్లీ వైల్డర్ తీసిన సినిమాకు పేరే ద ఫార్చ్యూన్ కుకీ.

ఇప్పుడు ఏటా 300 కోట్లు తయారవుతున్నాయని లెక్క, దాదాపు అన్నీ అమెరికాలోనే. అన్నిటికన్నా పెద్దది న్యూయార్క్‌లోని వాంటన్ ఫుడ్ కంపెనీ. రోజుకు 40 లక్షలకు పైగా తీస్తుంది. ఇన్ని చీటీలకు మాటలు ఎక్కడినుంచి వస్తాయి? ఆ కంపెనీలో మూడు దశాబ్దాలపాటు వాటిని రాసింది డొనాల్డ్ లావ్ అనే ఆయన. కంపెనీలో ఆయన చూసేది అసలు జమాఖర్చుల వ్యవహారం. అందరిలోకీ ఇంగ్లీషు బాగా వచ్చినవాడని ఈ పని కూడా నెత్తిన పెట్టారు. మొదట్లో ఏడాదికి వంద దాకా రాసేవాడు, పోనుపోను నెలకు రెండు మూడుకు దిగింది. ఇక మాటలు తోచడం లేదని 2017లో కలం దించేశాడు. చీటీలో చావు, రోగం, దివాళా ఉండకూడదు. కాస్త చేదుగా రాసినప్పుడు ఫిర్యాదులు వచ్చాయి. జపాన్ గుడి చీటీ కీడును కీడని చెప్పగలదు, దానికి విరుగుడుంది. హోటల్లో బిల్లు కట్టబోయేవాడికి ఎవరు చెబుతారు?

2005 మార్చి 30న ఈ చీటీలు అమెరికా లాటరీవాళ్ళను హడలెత్తించాయి. ఆ రోజు పవర్‌బాల్ లాటరీలో రెండో బహుమతికి మామూలుగా నలుగురైదుగురు గెలవాలి. 110 మంది గెలిచారు. అధికారులు మొదట మోసం జరిగిందనుకున్నారు. ఏ టీవీ సీరియల్లోనో ఆ అంకెలు వచ్చాయేమోనని వెతికారు. బహుమతి తీసుకోవడానికి వచ్చినవాళ్ళను అడిగితే అంకెలు ఫార్చ్యూన్ కుకీలోవన్నారు. అన్నీ వాంటన్ ఫుడ్ చీటీలే: 22, 28, 32, 33, 39, 40. మొదటి ఐదూ కుదిరాయి, ఆరోది మాత్రం 42 వచ్చింది. 89 మందికి తలా లక్ష డాలర్లు, తక్కిన 21 మందికి తలా ఐదు లక్షల డాలర్లు దక్కాయి. అనుకోకుండా దాదాపు కోటీ 90 లక్షల డాలర్లు లాటరీవాళ్ళ జేబులోంచి పోయాయి. ఆ చీటీల చరిత్రలో రుజువైన జోస్యమంటూ ఉంటే ఇదొక్కటే.

ఇదే కంపెనీ 1990ల్లో చైనాలో కుకీలు అమ్మాలని చూసి మానుకుంది. అక్కడివాళ్ళకు అది మరీ అమెరికన్ వస్తువనిపించింది.

మళ్ళీ ఆ కోర్టు కేసు. దాని పక్కనే ఇంకో కేసునూ పెట్టి చూడాలి. 1942లో శిబిరానికి వెళ్ళనని ఎదురుతిరిగినవాళ్ళలో ఓక్లాండ్‌లో పుట్టిన ఫ్రెడ్ కోరెమాత్సు ఒకడు. అతని శిక్షను సుప్రీంకోర్టు 1944 డిసెంబరులో ఆరుగురు అటు, ముగ్గురు ఇటుగా ఖాయం చేసింది. ప్రభుత్వం ఆనాడు కీలకమైన ఆధారాలు తొక్కిపెట్టిందని బయటపడడంతో ఆ శిక్షను కొట్టేశారు. ఎక్కడ? శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ కోర్టులో. ఎప్పుడు? 1983 నవంబరు 10న, జడ్జి మేరిలిన్ హాల్ పటేల్ తీర్పుతో. అదే ఊరు, అదే ఏడు. ఒక కోర్టులో బిస్కెట్టు మీద సరదా విచారణ, ఇంకో కోర్టులో దాన్ని చేసిన జనానికి నలభై ఏళ్ళు ఆలస్యంగా వచ్చిన విచారణ. 1988లో అమెరికా ప్రభుత్వం క్షమాపణ చెప్పి, శిబిరాల్లో మగ్గి అప్పటికి బతికున్నవాళ్ళకు తలా 20,000 డాలర్లు ఇస్తూ చట్టం చేసింది. నన్నడిగితే హాన్లన్ కోర్టు అడిగిన ప్రశ్నే తప్పు. ఎవరు కనిపెట్టారని అడిగింది గానీ, కనిపెట్టినవాళ్ళ చేతిలోంచి ఎలా జారిందని అడగలేదు.

బెంక్యోదో దుకాణం 2022 మార్చి 31న మూతపడింది. ఫుగెత్సుదో ఇంకా నడుస్తోంది. శాన్‌ఫ్రాన్సిస్కోలో పిల్లల దగ్గరికి వెళ్ళే పాఠకులు రాస్ ఆలీలో చేతిమడత చూసి, టీ గార్డెన్‌కు కూడా వెళ్ళిరండి. శాకాహారులైతే తినేముందు ప్యాకెట్టు మీద చూసుకోండి, చాలా కుకీల్లో గుడ్డు ఉంటుంది.

(వచ్చే వారం: జపాన్ వాళ్ళు కూడా అమ్ముకున్న ఆ చాప్ సూయీ చైనాదేనా?)